పట్టాలు వచ్చినవి, బండి రావాలి

"ఏనుగు నిచ్చి అంకుశం దగ్గర దేవులాడినట్లు" అని మన పెద్దల సామెత. అంత పెద్ద జంతువును దానం చేసిన మహారాజు, దాన్ని నడిపే చిన్న ఇనుప కొక్కెం దగ్గరికి వచ్చేసరికి చేయి ముడుచుకున్నాడట. పుచ్చుకున్నవాని గతి ఏమిటో మీరే ఊహించండి. ఏనుగు ఇంటి ముందు నిలబడే ఉంటుంది, ఎక్కి ఊరేగేందుకు మాత్రం వీలుండదు. జగిత్యాల జిల్లాలోని మెట్‌పల్లికి రైలు విషయంలో పట్టిన గతి అచ్చం ఇదే.

మెట్‌పల్లి ఎక్కడుందో తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. నిజామాబాదు నుంచి ఆర్మూరు మీదుగా జగిత్యాల, మంచిర్యాల వైపు పోయే జాతీయ రహదారి మీద ఉన్న పట్టణమిది. కోరుట్ల పన్నెండు కిలోమీటర్ల దూరం. ఖద్దరుకు పేరు, పసుపు మార్కెట్టుకు పేరు. 2016 అక్టోబరు దాకా కరీంనగరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు జగిత్యాల జిల్లాలో ఉన్నది. లోకసభ ఎన్నికలకు మాత్రం ఓటు నిజామాబాదు నియోజకవర్గంలో. అటు కరీంనగరు, ఇటు నిజామాబాదు. రెండిళ్ళ చుట్టానికి రెండు చోట్లా పస్తే అన్నట్లు, రైలు విషయంలో ఈ ఊరు రెండు వైపులా చూస్తూ దాదాపు నూరేళ్ళు గడిపింది.

నిజాం ప్రభుత్వ కాలంలో వేసిన గోదావరి లోయ రైలుమార్గం సికింద్రాబాదు నుంచి నిజామాబాదు మీదుగా మన్మాడు పోయింది. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేనాటికే ఆ దారిన బండ్లు తిరుగుతున్నవి. తూర్పున కాజీపేట, పెద్దపల్లి మీదుగా బల్హార్షా పోయే మార్గం 1920 దశకం చివర పూర్తయింది. ఢిల్లీనీ మద్రాసునూ కలిపే పెద్ద దారి అదే. ఈ రెండు దారుల నడుమ కరీంనగరు, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరు ఇన్ని ఊళ్ళు మిగిలిపోయినవి. పడమటి కూత వీళ్ళది కాదు, తూర్పు కూతా వీళ్ళది కాదు.

పెద్దపల్లి నుంచి కరీంనగరు మీదుగా నిజామాబాదుకు రైలుదారి వేయాలన్న నిర్ణయం పి.వి. నరసింహారావు గారు ప్రధానిగా ఉన్న రోజుల్లో, 1993 ప్రాంతంలో జరిగింది. దూరం సుమారు 177 కిలోమీటర్లు. మొదట పెద్దపల్లి నుంచి కరీంనగరు, తరువాత జగిత్యాల, ఆ తరువాత మెట్‌పల్లి, మోర్తాడు, ఇట్లా ముక్కలు ముక్కలుగా సాగి, చివరకు 2017 మార్చిలో నిజామాబాదును అందుకున్నది. అంటే ఇరవైనాలుగు సంవత్సరాలు. మొదలు పెట్టిన ఏట పుట్టిన పిల్ల, దారి పూర్తయ్యేనాటికి పెళ్ళయి అత్తవారింటికి పోయి ఉండవచ్చు, అదీ బస్సులో.

ఇందుకు పోలికగా కొంకణ రైలును తలచుకుందాం. సహ్యాద్రి కొండలను తొలిచి, ఏళ్ళనూ వాగులనూ దాటి, సుమారు 740 కిలోమీటర్ల దారి అది. దాని కోసం 1990లో కార్పొరేషను స్థాపించారు, 1998 జనవరికి బండ్లు నడిచినవి. మన దగ్గర కొండలూ లేవు, సముద్రమూ లేదు, ఉన్నదల్లా చదునైన పొలం. అయినా అంతకు మూడింతల కాలం పట్టింది. దీనికి కారణం నేల కాదు. ఏటేటా బడ్జెట్లో విదిలించిన చిల్లర.

సరే, అయిందేదో అయింది. ఆలస్యమైనా పట్టాలు వచ్చినవి. స్టేషను వచ్చింది, దాని నుదుట మూడు భాషల్లో ఊరి పేరూ వచ్చింది. ఇహ రావలసింది బండి. ఊళ్ళ మధ్య తిరిగే పాసింజరు బండి ఒకటీ అరా ఉన్నది. కాదనను. దూరపు ప్రయాణానికి ప్రతిరోజూ నమ్ముకోదగిన బండి మాత్రం లేదు. బొంబాయి లోకమాన్య తిలక్ టెర్మినస్ నుంచి కరీంనగరుకు ఈ దారిన వారానికొక బండి నడిచిన కాలమున్నది. తరువాత ప్రత్యేక బండి పేరుతో అదే దారిన వారానికొకసారి నడిచిన కాలమూ ఉన్నది. ఆ ముచ్చట కొంచెం తరువాత చెప్పుకుందాం.

(ముంబయి అని కాగితాల్లో రాసినా, మెట్‌పల్లి వైపు ఇళ్ళలో ఇప్పటికీ బొంబాయి అనే అంటారు. కనుక నేనూ ఆ మాటే వాడుతున్నాను.)

బొంబాయి బండి కావాలంటే కొందరు పట్నవాసులు నవ్వుతారు. "అంత చిన్న ఊరి నుంచి బొంబాయి ఎవరు పోతారండీ?" అని. వారికి బొంబాయి చరిత్ర తెలియదనుకోవాలి. ఆ నగరంలో కామాటిపుర అని ఒక పేట ఉన్నది. నిజాం సీమ నుంచి కూలికి పోయి, రాళ్ళు మోసి, మేడలు కట్టిన తెలుగువారి పేరు మీద వెలసిన పేట అది. వారి తరువాత మగ్గం నమ్ముకున్నవాళ్ళు పోయినారు. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల వైపు నుంచి షోలాపూరుకూ భివండీకీ పోయి మరమగ్గాల షెడ్లలో నిలబడిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో. వారిలో చాలామందికి ఇక్కడ ఒక ఇల్లు, అక్కడ ఒక గది. పెళ్ళికి, చావుకి, బతుకమ్మకి, బోనాలకి రావలసిందే, మళ్ళీ పోవలసిందే.

ఆ తరువాత గల్ఫు వచ్చింది. ఏ ఇంట్లో అడిగినా దుబాయికో మస్కటుకో పోయినవాడొకడుంటాడు. కొడుకు కాకపోతే అల్లుడు, అల్లుడు కాకపోతే మేనల్లుడు. వెనుకటి రోజుల్లో వీసాకైనా విమానానికైనా బొంబాయే గతి. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం తెరిచిన తరువాత చాలామందికి దారి హైదరాబాదు వైపు తిరిగింది. దారి మారింది గాని, రాత్రంతా బస్సులో కూర్చుని పోయే అవస్థ మారలేదు. ముత్యంపేట చక్కెర కర్మాగారం 2015 చివర మూతబడ్డప్పుడు, ఆ చుట్టుపట్ల కాయకష్టం చేసుకునేవారికి ఇంటి దగ్గరి ఆధారం ఒకటి పోయింది. ఊరు విడిచి పోయేవారి బాటలో జనం తగ్గుతారని ఎట్లా అనుకుంటాం?

ఇదంతా మగవాళ్ళ సంగతి. ఇంట్లో మిగిలినవారి ప్రయాణాలు కూడా చూడండి. కొడుకు దగ్గరికి భివండీ పోవలసిన ముసలి తల్లి ఉన్నది. మోకాళ్ళ నొప్పులతో రాత్రంతా బస్సు సీటులో కాళ్ళు మడుచుకుని, మర్నాడు పొద్దెక్కేదాకా కూర్చోవాలి. చక్కెర జబ్బున్నవాడు దారిలో ఎన్నిసార్లు బస్సు ఆపమంటాడు? చంటిపిల్లను ఒళ్ళో వేసుకున్న కోడలు, డ్రైవరు ఆపినచోట, చీకట్లో, దాబా వెనుకకు ఎట్లా పోతుంది? ఇవి నలుగురిలో చెప్పుకునే కష్టాలు కావు. అందుచేతనే ఏ నివేదికలోనూ కనిపించవు. రైలులో పడుకునే బల్ల ఉంటుంది, నీళ్ళుంటవి, మరుగు ఉంటుంది. మధ్యతరగతి ఇల్లాలికి రైలు కావాలనడంలో ఉన్న అర్థం ఇదే. వేగం ఆ తరువాతి మాట.

ఆ ప్రాంతపు ఇళ్ళలో ఇట్లాంటి సంభాషణ జరగడం కష్టం కాదు.

"ఏం బిడ్డా, మనూరికి రైలొచ్చిందంటివి. మీ అన్న దగ్గరికి దాంట్లనే పోదాం పా."

"రైలొచ్చింది అవ్వా. బండి మాత్రం వారానికి ఒక్కరోజట."

"ఏ రోజు?"

"ఈ నెల ఉంటది, వచ్చే నెల ఉంటదో లేదో తెల్వదట."

"గట్లయితే బస్సుకే చెప్పు బిడ్డా. ఎప్పుడొస్తదో తెల్వనిదాని కోసం మూట కట్టుకొని కూసుంటమా?"

ఆ అవ్వ ఒక్క మాటలో రైల్వే శాస్త్రమంతా చెప్పింది. ఎప్పుడొస్తదో తెలియని బండిని ఎవరూ నమ్ముకోరు. నమ్ముకోని బండికి టిక్కెట్లు తెగవు. టిక్కెట్లు తెగని బండిని అధికారులు కొనసాగించరు. ప్రత్యేక బండి అంటే కొన్ని వారాలకు మంజూరవుతుంది, గడువు ముగిస్తే మళ్ళీ పొడిగించాలి. దానికి మామూలు కంటె ఎక్కువ కిరాయి వసూలు చేయడమూ కద్దు. పెళ్ళి ముహూర్తం రెండు నెలల ముందు పెట్టుకునే కుటుంబం, ఆ బండి అప్పటికి ఉంటుందో ఉండదో తెలియక బస్సుకే పోతుంది. ఆనక కాగితాల్లో "ఈ మార్గంలో ప్రయాణికుల ఆదరణ చాలదు" అని రాస్తే, ఆ తప్పు ప్రయాణికులదేనా?

లెక్కలో ఇంకొక మెలిక కూడా ఉన్నది. మెట్‌పల్లివాడు దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో బొంబాయి పోవాలనుకుంటే ఏం చేస్తాడు? బస్సెక్కి సుమారు అరవై కిలోమీటర్లు పోయి, నిజామాబాదు స్టేషనులో బండి ఎక్కుతాడు. టిక్కెట్టు మీద నిజామాబాదు అనే ఉంటుంది. రైల్వేవారి పుస్తకంలో అతను నిజామాబాదు ప్రయాణికుడు. తిరుపతి పోయేవాడు తూర్పుకు పోయి కరీంనగరులోనో పెద్దపల్లిలోనో ఎక్కితే అతను ఆ ఊరి ప్రయాణికుడు. నేరుగా బస్సులో పోయినవాడు ఏ పుస్తకంలోనూ లేడు. ఇట్లా అందరూ తలా ఒకచోట జమ అయిన తరువాత మెట్‌పల్లి ఎదుట మిగిలేది చిన్న అంకె. ఆ అంకె చూపించి "మీ ఊరి నుంచి గిరాకీ ఏదీ?" అని అడిగితే, బావికి తాడు వేయనివ్వకుండా బావిలో నీళ్ళు లేవన్నట్లున్నది.

ఇట్లాంటి లెక్కలు మన దేశంలోనే వేస్తారని అనుకోవద్దు. 1963లో ఇంగ్లండులో డాక్టర్ బీచింగ్ అనే పెద్దమనిషి రైల్వేల మీద ఒక నివేదిక ఇచ్చినాడు. రాబడి చాలని చిన్న దారులూ స్టేషన్లూ మూసేయమన్నాడు. రెండువేలకు పైగా స్టేషన్లు ఆ జాబితాకెక్కినవి. చిన్న స్టేషనులో బయలుదేరినవాడే పెద్ద దారిలోని బండిని నింపుతున్నాడన్న సంగతిని ఆ లెక్క సరిగా పట్టించుకోలేదని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. ఆ రోజుల్లోనే, 1969లో, స్కాట్లండులో ఎడింబరో నుంచి దక్షిణంగా పల్లెసీమకు పోయే దారి ఒకటి మూతబడింది. నలభై ఆరేళ్ళ తరువాత, 2015 సెప్టెంబరులో, అందులో కొంత భాగాన్ని మళ్ళీ వేసి బండ్లు నడిపినారు. తొలి ఏడాదిలోనే పది లక్షలకు పైగా ప్రయాణాలు జరిగినవి, వేసుకున్న అంచనాలు చిన్నబోయినవి. అక్కడ రోజంతా, వేళ తప్పకుండా బండ్లు నడిపినారు, జనం వచ్చినారు. బండి లేనప్పుడు కనపడని ప్రయాణికుడు బండి ఉన్నప్పుడు ఎక్కడినుంచి వచ్చినాడు? అతను ముందునుంచీ అక్కడే ఉన్నాడు.

రైల్వేవారి పక్షాన చెప్పవలసిన మాటలు కూడా ఉన్నవి, అవీ చెప్పుకుందాం. పెట్టెలూ ఇంజన్లూ కోరినంతమందికి కోరినన్ని ఉండవు. బొంబాయి స్టేషన్లలో కొత్త బండికి చోటు దొరకడం కష్టం. కల్యాణు దాటిన తరువాత ఆ దారుల్లో చీమలబారులా బండ్లుంటవి. కొత్త బండి అడగడం తేలిక, దానికి వేళ కుదర్చడం కష్టం. ఇవన్నీ నిజమే. అందుకే మెట్‌పల్లివారు ఆకాశంలో చందమామను అడగనక్కరలేదు. ఉన్నదాన్ని సరిచేయమని అడిగితే చాలు.

మొదటిది: బొంబాయి బండి. అది ఏ రూపంలో ఉన్నా, పొడిగింపుల మీద బతికే ప్రత్యేక బండిగా కాక, పట్టికలో స్థిరమైన నంబరూ స్థిరమైన రోజులూ ఉన్న మామూలు బండిగా నడవాలి. ముందు వారానికి రెండు మూడు రోజులు నడపండి, నిండితే రోజూ నడపండి.

రెండవది: మేళవింపు. దేవగిరి ఎక్స్‌ప్రెస్ రోజూ నిజామాబాదు మీదుగా పోయి మర్నాడు ఉదయం బొంబాయి చేరుతున్నది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి నుంచి పోయే పాసింజరు దానికి కాస్త ముందుగా నిజామాబాదు చేరి, తిరుగు బండి దిగినవారిని ఎక్కించుకుని వెనక్కు వస్తే, కొత్త బండి ఖర్చు లేకుండానే సగం పని తీరుతుంది. వేళలు కలపడానికి కావలసింది ఒక పెన్సిలూ ఒక రబ్బరూ, కొంచెం శ్రద్ధ.

మూడవది: హైదరాబాదు. తెల్లవారుజామున బయలుదేరి ఆఫీసుల వేళకు సికింద్రాబాదు చేరి, సాయంత్రం తిరిగి వచ్చే బండి నిజామాబాదు మీదుగా కావాలి. ఆసుపత్రి పనికి పోయేవాడికి, విమానం ఎక్కేవాడికి, పరీక్ష రాసే పిల్లకు ఒక్కరోజులో పోయి రావడం సాధ్యపడాలి.

నాలుగవది: కరీంనగరు దాకా వచ్చి ఆగిపోయే తిరుపతి బండి. ఆ పట్టాలు అక్కడ ఆగలేదు గదా. బండిని మాత్రం ఎందుకు ఆపాలి? జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా నిజామాబాదు దాకా పొడిగిస్తే, వేంకటేశ్వరుని దర్శనానికి పోయే కుటుంబాలకు ఇంటి దగ్గరే బండి దొరుకుతుంది. 2027లో గోదావరి పుష్కరాలు రానున్నవి. ధర్మపురికి జగిత్యాల దగ్గరి స్టేషను. గత పుష్కరాలు జరిగిన 2015లో ఈ దారి ఇంకా నిజామాబాదును చేరలేదు. ఈసారి చేరి ఉన్నది. బండ్లు లేకపోతే ఏం సాకు చెబుతారు?

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చేయాలి. మనోహరాబాదు నుంచి గజ్వేలు, సిద్దిపేట, సిరిసిల్ల మీదుగా కరీంనగరు పక్కనున్న కొత్తపల్లికి మరొక దారి వేయడానికి 2016 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది. 2023 అక్టోబరులో సిద్దిపేటకు రైలు వచ్చింది. అది పూర్తయిననాడు సిరిసిల్ల నేతగాని కల పండుతుంది, కరీంనగరుకు హైదరాబాదు దగ్గరవుతుంది. సంతోషమే. కాని ఆ రోజున బండ్లన్నీ కరీంనగరులోనే తిరుగుముఖం పట్టినవనుకోండి, మెట్‌పల్లి మళ్ళీ పాత కథలోకి పోతుంది. రెండు దారుల నడుమ మిగిలిన ఊరు, మూడు దారుల నడుమ మిగిలిన ఊరవుతుంది. ఆ దారిన వచ్చే బండ్లలో కొన్నింటినైనా నిజామాబాదు దాకా నడపాలని ఇప్పటినుంచే అడిగి ఉంచడం మంచిది. పట్టికలు అచ్చయిన తరువాత అడిగేవాడికి దొరికేది ఓదార్పే.

అడగడం ఎట్లా? పార్లమెంటు సభ్యునికి పూలదండ వేసి వినతిపత్రం ఇచ్చి ఫొటో తీయించుకోవడం ఒక పద్ధతి. దానివల్ల ఫొటో వస్తుంది. రైల్వే డివిజనుకూ జోనుకూ వినియోగదారుల సలహా సంఘాలున్నవి. అక్కడ మాట్లాడాలంటే లెక్క కావాలి. ఆ లెక్కను రైల్వేవారు తయారు చేయరు, మనమే చేసి ఇవ్వాలి. మెట్‌పల్లి, కోరుట్ల వర్తక సంఘాలవారూ కాలేజీ పిల్లలూ కలిసి ఒక వారం పాటు బస్టాండులో నిలబడి, బొంబాయికీ భివండీకీ హైదరాబాదుకూ పోయేవారెందరో, ఏ వేళ పోతున్నారో, ఎంత కిరాయి ఇస్తున్నారో రాసుకుంటే చాలు. బస్సు టిక్కెట్లే సాక్ష్యం. నిజామాబాదు పుస్తకంలో దాగి ఉన్న మన ప్రయాణికుణ్ణి మన పుస్తకంలోకి తెచ్చుకునే ఉపాయమిది.

రెండవ పని ఇంకా చిన్నది. బండి ఉన్న రోజున మెట్‌పల్లి నుంచే టిక్కెట్టు కొనండి. నిజామాబాదులో ఎక్కితే ఏం, ఇక్కడ ఎక్కితే ఏం అనుకోవద్దు. కొత్త స్టేషనులో బండి ఆపినప్పుడు రైల్వేవారు తరచు కొన్ని నెలలు ప్రయోగమని ఆపి, టిక్కెట్లు ఎన్ని తెగినవో చూసి, ఉంచాలా తీయాలా తేల్చుకుంటారు. మీరు కొన్న టిక్కెట్టు కిరాయే గాక ఓటు కూడా. ఓటు వేయనివాడు ఓడిపోయినవాడి ఇంట్లో ఏడిస్తే ఏం లాభం?

ఆర్టీసీవారికి కూడా ఒక మనవి. రైలు వస్తే మీ బస్సు ఖాళీ అవుతుందని భయపడకండి. బండి వేళకు స్టేషను నుంచి ఊళ్ళోకీ చుట్టుపట్ల పల్లెలకూ బస్సు నడిపితే మీకూ జనం ఉంటారు. అర్ధరాత్రి దిగిన ఆడమనిషి ఆటోవాని బేరానికి చిక్కకుండా ఇల్లు చేరుతుంది.

ఇరవైనాలుగేళ్ళు పట్టాల కోసం చూసినవాళ్ళకు ఓపిక లేదని ఎవరూ అనరు. అయితే ఓపికకూ ఉదాసీనతకూ మధ్య గీత చాలా సన్నం. పట్టాలు రావడమే పండుగ అనుకుని చప్పట్లు కొట్టి ఇంటికి పోతే, వాటి మీద సరుకుబండ్లు పోతవి, మనం గేటు దగ్గర నిలబడి పెట్టెలు లెక్కపెట్టుకుంటాం. భివండీ షెడ్డులో మగ్గం ఆపి వచ్చే కొడుకు, ఫలానా రోజు ఫలానా గంటకు దిగుతానని తల్లికి ఫోనులో ధీమాగా చెప్పగలిగిననాడే, మెట్‌పల్లికి రైలు వచ్చిందని మనం నమ్మవచ్చు.